దొరల సమాధులను బాగుచేయడం ఎలా? పాడుబడిన పాత సమాధుల తోటలో దిగబోయేవారికి

"మా ఊళ్ళో దొరల గోరీలు తుప్పల్లో పడి ఉన్నాయి. పదిమంది కుర్రవాళ్ళం కలిశాం. వచ్చే ఆదివారం దిగి శుభ్రం చేద్దామనుకుంటున్నాం. రాళ్ళను ఏ యాసిడ్‌తో కడిగితే తెల్లగా వస్తాయి?" ఈ ప్రశ్న మాకు బందరు నుంచి, భీమిలి నుంచి, విశాఖ పాతనగరం నుంచి, హైదరాబాదు నుంచి పదే పదే వస్తూనే ఉంది. ఏ యాసిడ్‌తోనూ కడగకూడదు అన్నది దీనికి ఒక్క ముక్కలో జవాబు. మరి ఏం చేయాలి, ఏ వరుసలో చేయాలి, ఎక్కడ ఆగిపోవాలి అన్నదే ఈ వ్యాసం.

డచ్చివారు 1605లోను, ఇంగ్లీషువారు 1611లోను బందరుకు వచ్చినది మొదలు కోస్తా పొడవునా వారి సమాధులు వెలిశాయి. ద్రాక్షారామం దగ్గర డచ్చివారి సమాధులున్న చోటును ఒలందు దిబ్బ అంటారు. హాలండు అన్న మాట మన నోట ఒలందు అయింది. ఆ తరువాతి కాలంలో వాటి పక్కనే మన తెలుగు క్రైస్తవుల సమాధులూ చేరాయి. ఇన్నేళ్ళ ఉప్పుగాలికీ, వానకీ నిలిచిన అక్షరాలు మనం సరదాపడి చేసిన ఒక్కరోజు శ్రమదానంలో పోవడం నేను కళ్ళారా చూశాను. మా బృందం పని మొదలుపెట్టిన కొత్తలో, ఒక చిన్నపిల్ల సమాధి మీది పాలరాతి పలకను మాలో ఒకరు ఇనుప తీగల బ్రష్షుతో అరగంట సేపు రుద్దారు. ఆ పిల్ల వయసును ఏళ్ళతోపాటు నెలలు, రోజులు కూడా లెక్కపెట్టి చెక్కించారు. ఆ సాయంత్రానికి రోజుల లెక్క ఉన్న వరుస చేతికి తగలకుండా పోయింది. అప్పటికి మేము ఫొటో కూడా తీసి ఉండలేదు కాబట్టి, ఆ అంకె ఇక ఎవరికీ తెలియదు. ఈ కింది సూచనలలో "ముందు ఫొటో" అన్న మాట ఇన్నిసార్లు ఎందుకు వస్తుందో దీన్నిబట్టి గ్రహించండి.

ముందుగా సమకూర్చుకోవలసినవి

- మోకాళ్ళ దాకా వచ్చే రబ్బరు బూట్లు, మందపాటి చేతి తొడుగులు, మనిషికొక పొడవాటి కర్ర, ప్రథమ చికిత్స పెట్టె
- కొడవళ్ళు, కొమ్మలు కత్తిరించే కత్తెర, చేతి రంపం, చీపుళ్ళు, గోనె సంచులు
- 30 మీటర్ల టేపు, పెన్సిళ్ళు, గట్టి అట్ట ఉన్న నోటుపుస్తకం, ఫొటోలో కొలత తెలిసేందుకు ఒక స్కేలు, మంచి కెమెరా ఉన్న ఫోను
- అడుగు వెడల్పు, రెండడుగుల పొడవు ఉన్న అద్దం, ఒక టార్చి
- మెత్తని నైలాను బ్రష్షులు, పాత పళ్ళ బ్రష్షులు, వెదురు పుల్లలు, ఐస్‌క్రీము పుల్లలు
- మొక్కలకు నీళ్ళు చల్లే పిచికారీ డబ్బా, బిందెలు, మంచినీళ్ళు

మంచినీళ్ళు అని ఊరికే రాయలేదు. సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్ళలో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. ఆ నీటితో కడిగితే ఉప్పు రాతి రంధ్రాల్లోకి ఇంకి, ఎండినప్పుడు పొంగి, పైపొరను పెచ్చులుగా ఊడగొడుతుంది. నాలుక మీద వేసుకుంటే ఉప్పగా తగిలే నీళ్ళు రాతికి పనికిరావు. మునిసిపాలిటీ కుళాయి నీళ్ళో, ట్యాంకరు నీళ్ళో తెచ్చుకోండి.

ఇనుప బ్రష్షు, పార, గడ్డపలుగు, యాసిడ్, బ్లీచింగు పౌడరు, ఫినాయిలు, బట్టల సోడా, నీటిని ఒత్తిడితో కొట్టే యంత్రం, సిమెంటు బస్తా ఆవరణలోకి అడుగుపెట్టకూడదు. దగ్గరుంటే ఎవరో ఒకరు వాడతారు.

ఇక కాలం సంగతి. సంక్రాంతి వెళ్ళిన తరువాత నుంచి ఉగాది దాకా అనువైన రోజులు. అప్పటికి గడ్డి ఎండి నేల కనిపిస్తుంది, ఎండ ముదరదు, సున్నం పని చేసినా నిదానంగా ఆరుతుంది.

1. స్థలం ఎవరిదో తేల్చుకోండి

పాడుబడి ఉన్నంత మాత్రాన అది ఎవరిదీ కాకుండా పోదు. ముందు నీలం రంగు బోర్డు ఉందేమో చూడండి. ఉంటే అది కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నట్టు. పులికాట్ డచ్చి సమాధులు అలాంటివే. 1958 నాటి పురాతన కట్టడాల చట్టం ప్రకారం అటువంటి చోట రాతిని పాడుచేసినా, కదిలించినా రెండేళ్ళ దాకా జైలు గాని, లక్ష రూపాయల దాకా జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. మీ ఉద్దేశం మంచిదే అయినా శాఖ అనుమతి లేకుండా చేయి వేయకండి. కలుపు తీయడానికైనా ఉత్తరం రాసి అడగండి. చుట్టూ 100 మీటర్ల లోపు కొత్త కట్టడాలకు నిషేధం, ఆపై 200 మీటర్లలో నియంత్రణ ఉంటాయి కాబట్టి ప్రహరీ గాని, పనిముట్ల గది గాని కట్టాలన్న ఆలోచన ఉంటే ముందు శాఖను అడగండి.

బోర్డు లేకపోతే అది రాష్ట్ర పురావస్తు శాఖదో, చర్చి డయాసిస్‌దో (బిషపు పాలనలోని విభాగం), మునిసిపాలిటీదో, రెవెన్యూ పోరంబోకో అయి ఉంటుంది. తహసీల్దారు కార్యాలయంలో సర్వే నంబరు, ఎఫ్.ఎం.బి. పటం (భూమి కొలతల పటం) చూపించమని అడగండి. ఆ దగ్గరి చర్చి పాస్టరుగారిని కలవడం కూడా అవసరం, ఎందుకంటే పాత ఖనన రిజిస్టర్లు ఆయన బీరువాలోనే ఉండవచ్చు. నోటి మాట చాలదు. ఏం చేస్తారో, ఏం చేయరో రాసి, కాగితం మీద అనుమతి తీసుకోండి.

1914 ఆగస్టు నుంచి 1921 ఆగస్టు వరకు, 1939 సెప్టెంబరు నుంచి 1947 డిసెంబరు వరకు చనిపోయిన సైనికుల సమాధులు కనిపిస్తే వాటిని ముట్టుకోకండి. వాటి బాధ్యత కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్‌ది. ఫొటో తీసి వారికి పంపండి.

2. చుట్టుపక్కల వారితో మాట్లాడండి

సమాధుల తోట ఖాళీగా ఉంటుందనుకోవడం పొరపాటు. స్తంభాల మీద పిడకలు కొట్టేవారు, బండల మీద బట్టలు ఆరేసేవారు, మేకలు తోలుకొచ్చేవారు, శిలాఫలకాన్ని వికెట్లుగా పెట్టుకుని క్రికెట్ ఆడే పిల్లలు అక్కడికి రోజూ వస్తూ ఉంటారు. మీరు నెలకొకసారి వస్తారు. వారు రోజూ ఉంటారు. వారిని తరిమేస్తే మీరు వెళ్ళిన మర్నాడే గేటు తాళం పగులుతుంది. ఆరేసుకోవడానికి తోట చివర ఒక దండెం కట్టించి ఇచ్చి, బండల జోలికి రావద్దని అడిగితే మా చోట ఎవరూ కాదనలేదు. వారిలో ఒక పెద్దావిడే ఇప్పుడు మాకు కాపలా.

ఒక సమాధి మీద పుట్ట లేచి ఉంటే, నాగుల చవితికి ఆ వీధి ఆడవారు అక్కడ పాలు పోస్తూ ఉంటే, ఆ పుట్టను తవ్వకండి. ఆ ఒక్క సమాధిని అలాగే వదిలి, నమోదు పుస్తకంలో "పుట్ట ఉంది, పూజ జరుగుతుంది" అని రాసుకోండి. అదీ ఆ చోటి చరిత్రలో భాగమే.

3. చేయి వేయకముందే నమోదు చేయండి

మొదటి రెండు మూడు వారాలు కత్తి పట్టకుండా పెన్సిలే పట్టండి. నడవడానికి దారి మాత్రం చేసుకుని, గేటు స్తంభం, ప్రహరీ మూల వంటి రెండు స్థిరమైన గుర్తులను ఎంచుకోండి. ప్రతి సమాధికీ ఆ రెండు గుర్తుల నుంచీ దూరం కొలవండి. రెండు దూరాలు ఉంటే పటం మీద దాని చోటు తేలిపోతుంది. వరుసకొక అక్షరం, సమాధికొక అంకె చొప్పున క-1, క-2, ఖ-1 అని పేర్లు పెట్టండి. ఆ పేరు రాతి మీద రంగుతో రాయకూడదు. అట్ట ముక్క మీద రాసి, ఫొటో తీసేటప్పుడు పక్కన పెట్టి, ఆ తరువాత తీసేయండి.

ప్రతి సమాధికి కనీసం ఆరు ఫొటోలు కావాలి: నాలుగు వైపులా నాలుగు, రాత దగ్గరగా ఒకటి, దెబ్బతిన్న చోటు ఒకటి. రాతి రకం, కొలతలు, ఏది పగిలింది, ఏది ఒరిగింది, ఏ మొక్క మొలిచింది అన్నవి ఒక పేజీలో రాయండి. ఇందుకు కేటాయించిన మనిషికి వేరే పని చెప్పకండి. మధ్యలో కొడవలి అందుకున్నారంటే నమోదు ఆగిపోతుంది.

4. తుప్పలు తీయడం

మొదటి జాగ్రత్త పాముల గురించి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి మూడూ ఇటువంటి చోట్ల ఉంటాయి. కర్రతో నేల తడుతూ నెమ్మదిగా నడవండి, పగుళ్ళలోకి చేయి పెట్టకండి, బండ కిందికి వేళ్ళు పోనివ్వకండి. కాటు పడితే కోయడం, నోటితో పీల్చడం, గట్టిగా కట్టు కట్టడం చేయకండి. మనిషిని కదలనివ్వకుండా 108కి ఫోను చేసి, పాము విషానికి మందు ఉండే ప్రభుత్వాసుపత్రికి చేర్చండి. ఆ ఆసుపత్రి ఏదో ముందురోజే కనుక్కుని పెట్టుకోండి.

వయ్యారిభామను చేతి తొడుగులు లేకుండా పీకకండి, ఒళ్ళు దద్దుర్లెక్కుతుంది. పూత రాకముందే తీయాలి. సర్కారు తుమ్మను నేలకు బెత్తెడు ఎత్తున కోసి, వేరును అలాగే వదలండి. వేరుతో పెకలిస్తే పక్క సమాధి పునాది కదులుతుంది. పెద్ద చెట్టు నరకాలంటే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి. నిజానికి నీడనిచ్చే పెద్ద చెట్లను ఉంచడమే మేలు. గడ్డిని కొడవలితో కోయండి. మోటారు యంత్రం తీగ రాతికి తగిలితే అంచులు చెక్కుకుపోతాయి, కాబట్టి రాతికి రెండడుగుల లోపల అది వాడవద్దు.

మూడు పనులు మాత్రం ఎన్నడూ చేయవద్దు. జేసీబీ పిలిపించకండి. గడ్డిలో కనిపించకుండా నేలమట్టంగా ఉన్న సమాధులు దాని చక్రాల కింద పడి ముక్కలైతే, అక్కడ సమాధి ఉండేదని కూడా తెలియదు. కోసిన తుప్పలను ఆవరణలో తగలబెట్టకండి. మంట వేడికి రాయి పెటపెటలాడి పగులుతుంది. కలుపు మందు కూడా కొట్టకండి. దానిలోని లవణాలు రాతిలోకి ఇంకుతాయి.

5. ఇటుక కట్టడంలో మొలిచిన రావి మొక్క

ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. కోసుగా లేచిన పెద్ద సమాధి స్తంభాలు పైకి రాతిలా కనిపించినా, చాలావాటికి లోపల ఉండేది ఇటుక, పైన సున్నపు గచ్చు. పిట్ట రెట్టతో పడిన రావి విత్తనం, మర్రి విత్తనం ఆ పగులులో మొలుస్తుంది. వేరు లోపలికి పోయి ఇటుకలను విడదీస్తుంది. కొన్నేళ్ళు గడిచాక మాత్రం ఆ వేరే ఇటుకలను పట్టుకుని నిలబెడుతూ ఉంటుంది. అప్పుడు తాడు కట్టి లాగితే చెట్టుతోపాటు కట్టడమూ వస్తుంది.

వేలి మందం కన్నా సన్నగా ఉన్న మొక్కను, చుట్టూ నీళ్ళతో బాగా తడిపి, మెల్లగా లాగవచ్చు. అంతకన్నా లావైనదాన్ని రంపంతో మొదలంటా కోయండి. నెలకొకసారి వచ్చి కొత్త చిగుళ్ళు గిల్లేస్తూ ఉండండి. ఆకు లేకపోతే వేరుకు తిండి ఉండదు, క్రమంగా చస్తుంది. ఏడాది పట్టవచ్చు, రెండేళ్ళూ పట్టవచ్చు. అది పూర్తిగా ఎండిన తరువాతే ఆ ఖాళీని సున్నంతో పూడ్చాలి. తొందరపడి యాసిడ్ పోసేవారు, కిరసనాయిలు పోసేవారు ఉన్నారు. వేరు చావడానికి ముందు గచ్చు చస్తుంది.

6. రాత చదవడం

కడగకముందే చదవండి. అరిగిన అక్షరాలు మధ్యాహ్నపు ఎండలో కనిపించవు. పొద్దున్నే, లేదా పొద్దువాలే వేళ, ఏటవాలుగా పడే వెలుతురులో పైకి తేలుతాయి. రాయి నీడలో ఉంటే అద్దం పట్టుకుని, ఎండను పక్కనుంచి రాతి ముఖం మీద జారేలా పడనివ్వండి. రాత్రయితే టార్చిని రాతికి దాదాపు ఆనించి పక్కనుంచి వెయ్యండి. అప్పటిదాకా చదునుగా కనిపించిన బండ మీద ముందు ఒక గీత, ఆ తరువాత ఒక కిరీటం అంచు, ఆ కింద పేరులోని మొదటి అక్షరం ఒక్కొక్కటే లేచి వస్తాయి. ఎన్నిసార్లు చూసినా ఆ క్షణంలో మా బృందంలో ఎవరూ మాట్లాడరు.

సుద్దముక్క, పిండి, పసుపు, షేవింగు క్రీము అక్షరాల్లో పూయకండి. సుద్ద రాతిని గీరుతుంది, మిగిలినవి పాచికి మేత అవుతాయి. కాగితం పరిచి పెన్సిలుతో రుద్ది అచ్చు తీయడం కూడా బలహీనమైన రాతిపై ప్రమాదమే. ఫొటో చాలు.

చదివేటప్పుడు సాధారణంగా జరిగే తప్పులు ఇవి. పాత డచ్చి, ఇంగ్లీషు రాతల్లో 7 అంకె వేసి పక్కన బెర్ అని ఉంటే అది జూలై కాదు, సెప్టెంబరు. లాటిన్‌లో సెప్టెమ్ అంటే ఏడు. అదే లెక్కన 8 అక్టోబరు, 9 నవంబరు, 10 గాని రోమన్ పది గాని ఉంటే డిసెంబరు. డచ్చి రాతిపై ఓ, యూ, టీ అని మూడు అక్షరాలు కనిపిస్తే అది ఇంగ్లీషు మాట కాదు, వయసు చెప్పే మాట. ఆ తరువాత వచ్చేది ఏళ్ళ అంకె. ఎస్ అక్షరం నిలువుగా సాగి ఎఫ్ లాగా కనిపిస్తుంది, యూ బదులు వీ చెక్కుతారు. ఇంగ్లీషువారు కొత్త క్యాలెండరుకు మారింది 1752లో. అంతకుముందు వారికి సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. అందుకే జనవరి, ఫిబ్రవరి తేదీలకు 1698/9 అన్నట్టు రెండు సంవత్సరాలు కలిపి చెక్కడం కనిపిస్తుంది. అది చెక్కినవాడి తప్పు కాదు, ఉన్నది ఉన్నట్టు రాసుకోండి.

తెలుగు రాళ్ళ దగ్గర ఇంకా శ్రద్ధ కావాలి. వాటిని ముందుతరాల వారు పెద్దగా లెక్కలోకి తీసుకోలేదు. "ప్రభువునందు నిద్రించిన" అన్న మాటతో మొదలయ్యే ఫలకాలలో అరసున్నలు, వలపలగిలకలు (అక్షరానికి ముందు పలికే ర్‌కు, ఆ అక్షరం పక్కన వేసే గుర్తు) ఉంటాయి. ఇప్పటి పిల్లలు వలపలగిలకను తొమ్మిది అంకె అనుకుంటారు. తెలుగు అంకెలు ఉంటే ౨కీ ౩కీ తేడా అరిగిన రాతి మీద ఒక చిన్న వంపు మాత్రమే. అక్షరం తెలియకపోతే ఊహించి పూరించకండి, చుక్కలు పెట్టండి.

సరిచూసుకునే పద్ధతి: ఒకే రాతిని ఇద్దరు విడివిడిగా చదివి రాయాలి. ఒకరిది మరొకరు చూడకూడదు. రెండూ కలిపి చూసినప్పుడు తేడా వచ్చిన చోటుకు మళ్ళీ వెళ్ళండి. ఆ తరువాత పాత జాబితాతో పోల్చండి. మద్రాసు ప్రెసిడెన్సీలోని సమాధి రాతలను జూలియన్ జేమ్స్ కాటన్ సేకరించి 1905లో అచ్చువేయించారు. డచ్చివారి కట్టడాల గురించి అలెగ్జాండర్ రీ 1897లో వెలువరించిన గ్రంథం ఉంది. కోస్తా జిల్లాలు అప్పుడు మద్రాసులోనే ఉన్నాయి కాబట్టి మీ రాయి అందులో దొరకవచ్చు. అప్పుడు నిలువుగా ఉన్న రాయి ఇప్పుడు ముక్కలై ఉంటే, ముక్కలను పేర్చుకోవడానికి ఆ పాత పాఠమే దారి చూపుతుంది. బందరులో 1864 నవంబరు తేదీలు కనిపిస్తే మరింత జాగ్రత్తగా చదవండి. ఆ నెల 1వ తేదీ ఉప్పెనలో సుమారు 30,000 మంది పోయారు.

7. కడగడం

కడగడం అవసరమా అని ముందు అడగండి. రాత చదవగలిగితే, రాయి గట్టిగా ఉంటే, నల్లబడటం దోషం కాదు, అది వయసు. తెల్లగా మెరిపించడం మన లక్ష్యం కాదు.

రాయి గట్టిదనం ఇలా చూడండి. వేలి కణుపుతో మెల్లగా తట్టండి. బోలుగా మోగితే పైపొర విడిపోయి ఉంది, వదిలేయండి. పొడి చేత్తో తడమండి. పాలరాయి పంచదార రవ్వలా రాలితే వదిలేయండి. పెచ్చులు కనిపిస్తే వదిలేయండి. ఈ మూడూ లేనప్పుడే ముందుకు వెళ్ళండి. బ్రష్షును మీ ముంజేతి లోపలివైపు రుద్దుకుని చూడండి. అక్కడ గీతలు పడితే రాతికీ పడతాయి.

రాత లేని మూలలో అరచేతి మేర మొదట ప్రయత్నించి, వారం ఆగి చూడండి. మచ్చ పడకపోతే మిగతాది. నిలువు రాయిని కింది నుంచి పైకి తడుపుతూ రావాలి. పైనుంచి మొదలుపెడితే మురికి నీళ్ళు పొడి రాతి మీద చారలు కట్టి, ఆ చారలు పోవు. పిచికారీతో తడిపి పావుగంట నాననివ్వండి. ఎండిపోకుండా మళ్ళీ తడపండి. మెత్తని బ్రష్షుతో చిన్న చిన్న సున్నాలు చుడుతూ, బలం పెట్టకుండా రుద్దండి, రుద్దిన వెంటనే మంచినీటితో కడగండి. అక్షరాల గాడిలోని మట్టికి నానబెట్టిన వెదురు పుల్ల చాలు. ఒక మాదిరి పలకకు రెండు మూడు బిందెల నీళ్ళు పడతాయి.

బూడిద రంగు గుండ్రటి మచ్చలుగా, అంచులు ముడుచుకుని అంటుకున్నది పాచి కాదు. బిర్యానీలో వేసే రాతిపువ్వు జాతిది. అది వేళ్ళలాంటి తన సన్నని పోగులను రాతి పొరలోకి దించుకుని ఉంటుంది. పొడిగా గీకితే రాతి పొరను వెంట తీసుకొస్తుంది. బాగా నానితే ఉబ్బి మెత్తబడుతుంది, అప్పుడు ఐస్‌క్రీము పుల్లతో పక్కనుంచి నెట్టితే లేస్తుంది. లేవనిదాన్ని అక్కడే వదలండి. అక్షరాన్ని మూయకపోతే దాని జోలికే పోకండి.

కడిగిన రాయిని మళ్ళీ ఐదారేళ్ళ దాకా కడగవద్దు. ప్రతి వార్షికోత్సవానికీ కడిగేవారున్నారు. ప్రతి కడుగులోనూ రాయి ఎంతో కొంత తరుగుతుంది. అక్షరాలకు నల్లరంగు వేయించడం, పలకకు వార్నీషు పూయించడం, గచ్చు మీద ప్లాస్టిక్ పెయింటు వేయించడం దాతలకు ఇష్టమైన పనులు. మర్యాదగా కాదనండి.

8. పడిన, పగిలిన రాళ్ళు

ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, అరడుగు మందం ఉన్న నల్లరాతి బండ ఏడు క్వింటాళ్ళ దాకా తూగుతుంది. నలుగురు పట్టుకుని లేపుదామనుకుంటే బండైనా విరుగుతుంది, కాలైనా విరుగుతుంది. చైను పుల్లీ, ముక్కాలి స్టాండు, వాటిని వాడటం తెలిసిన మనిషి ఉంటేనే ఆ పని. లేకపోతే పడిన రాతిని పడిన చోటే, రాత పైకి ఉంటే అలాగే ఉంచి, చుట్టూ నీరు నిలవకుండా చిన్న కాలువ తీయండి. ఒరిగిన రాయి మీద పిల్లలు ఎక్కే ప్రమాదం ఉంటే దాని చుట్టూ తాడు కట్టండి.

చిన్న ముక్కలను ఏ సమాధి దగ్గర దొరికాయో అక్కడే, నంబరు రాసిన అట్టతో ఫొటో తీసి, ఆ సమాధి పాదం దగ్గర ఇసుక మీద పేర్చండి. ఇంటికి తీసుకెళ్ళి భద్రపరచడం కూడా దొంగతనంతో సమానమే అవుతుంది. అరాల్డైటుతోనో, సిమెంటుతోనో అతికించకండి. తరువాత నిపుణులు వచ్చినా ఆ అతుకును విడదీయలేరు.

నేలలో గడ్డపలుగు గుచ్చి సమాధుల కోసం వెతకడం తప్పు. వానకు మట్టి కొట్టుకుపోయి ఎముకలు బయటపడితే, ఫొటోలు తీసి పంచుకోకుండా వాటిని అక్కడే మట్టితో కప్పి, స్థలం యజమానికి తెలియజేయండి. అక్కడ ఉన్నది ఒక మనిషి.

9. సున్నం పని

పాత కట్టడానికి సిమెంటు ఎందుకు పనికిరాదంటే, అది ఇటుక కన్నా గట్టిది, తేమను బయటికి పోనివ్వదు. లోపలి తడి, ఉప్పు సిమెంటు చుట్టూ ఉన్న పాత ఇటుకలోంచి దారి చేసుకుంటాయి. నాలుగు వానలకు సిమెంటు అతుకు అలాగే నిలిచి, చుట్టూ ఉన్న ఇటుక పొడి అయి రాలుతుంది. అతుకు ఎప్పుడూ అసలుకన్నా మెత్తగా ఉండాలి.

గానుగ సున్నం తెలిసిన మేస్త్రీ దొరికితే ఆయన చెప్పినట్టు వినండి. పాత గుళ్ళు బాగుచేసేవారిని అడిగితే దొరుకుతారు. సాధారణ మోతాదు ఒక పాలు నానిన సున్నానికి మూడు పాళ్ళు ఉప్పు లేని ఏటి ఇసుక. తడి తగిలే చోట ఇసుకలో ఒక పాలు తగ్గించి ఇటుక పొడి కలుపుతారు. సముద్రపు ఇసుక వాడవద్దు. పగులును తడిపి, సున్నాన్ని పలచని పొరలుగా ఎక్కించి, తడి గోనె సంచులు కప్పి, కనీసం వారం రోజులు తడి ఆరనివ్వకండి. సున్నం కంట్లో పడితే చూపుకే ప్రమాదం, కళ్ళద్దాలు లేకుండా ఎవరినీ దగ్గరికి రానివ్వకండి.

పని సరిగా వచ్చిందో లేదో నెల తరువాత గోటితో గీరి చూడండి. పొడిగా రాలితే తొందరగా ఆరిపోయిందని అర్థం, తీసి మళ్ళీ చేయాలి. వెంట్రుకవాసి పగుళ్ళు వలలా పరుచుకుంటే సున్నం పాలు ఎక్కువైంది.

10. మొదటి వానకు వెళ్ళండి

పని ఎలా జరిగిందో ఎండాకాలంలో తెలియదు. తొలకరి పడుతుండగా గొడుగు వేసుకుని తోటకు వెళ్ళి, నీళ్ళు ఎక్కడ నిలుస్తున్నాయో, ఏ పగులులోకి దిగుతున్నాయో, మీరు వేసిన సున్నం పక్కన తడి ఎలా పాకుతున్నదో చూసి రాసుకోండి. ముందు నిలబడిన చోటే నిలబడి అవే ఆరు ఫొటోలు మళ్ళీ తీయండి. పాతవీ కొత్తవీ పక్కపక్కన పెట్టినప్పుడు ఏదైనా అక్షరం ముందుకన్నా మసకగా కనిపిస్తే, ఆ రకం రాతిని ఇక కడగడం ఆపేయాలి.

నమోదు పుస్తకానికి మూడు ప్రతులు చేయండి: ఒకటి స్థలం యజమానికి, ఒకటి జిల్లా గ్రంథాలయానికి, ఒకటి మీకు. ఇంగ్లీషువారి సమాధులైతే ఒక ప్రతిని, దక్షిణాసియా సమాధుల కోసం 1976లో లండనులో ఏర్పడిన బాక్సా సంస్థకు పంపవచ్చు. వారు సేకరించినవి బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి, కొన్ని పనులకు కొంత డబ్బు సాయం కూడా చేస్తారు. అడిగేముందు మీ అనుమతి పత్రం, పటం, ఫొటోలు సిద్ధంగా ఉంచుకోండి.

ఆ తరువాత నెలకొక పూట చాలు: రావి చిగుళ్ళు గిల్లడం, గడ్డి కోయడం, కాలువలో ఆకులు తీయడం. తోటలోంచి వచ్చేముందు కొడవళ్ళు, బ్రష్షులు లెక్కపెట్టుకోండి. గడ్డిలో మిగిలిపోయిన కొడవలి, మర్నాడు ఆడుకోవడానికి వచ్చే పిల్లల కాలికి తగులుతుంది.